మూట కట్టని గింజలు

మిసెస్ గావ్ నా ఎదుటే ఆ కషాయం తాగింది. పింగాణీ కప్పు నిండా పోసుకుని, రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆగకుండా తాగి, ఖాళీ కప్పు నాకు చూపించింది.

"దియకి పొట్లాలు కట్టిన డబ్బాల్లోంచే తీశాను. అవే మూలికలు, అంతే తూకం," అంది. "ఆ అమ్మాయి పోయిందని తెలిసిన దగ్గర్నుంచి రోజూ తాగుతున్నాను."

"మీరు తాగి బతికున్నారని కోర్టు మిమ్మల్ని వదిలేయదు," అన్నాను కొంచెం కటువుగానే. ఇలాంటి పనులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు చేసినవాళ్ళు గుర్రుపెట్టి నిద్రపోతుంటే చేయనివాళ్ళు తమని తాము పరీక్షించుకుంటూ కూర్చుంటారు.

"కోర్టు కోసం కాదు. నా కోసం," అందావిడ.

డెబ్బై దాటిన మనిషి. ట్రాయ్‌లో ఒక షాపుల వరసలో, నెయిల్ సెలూన్‌కీ డ్రై క్లీనర్‌కీ మధ్య ఆవిడ చైనా మూలికల క్లినిక్. లైసెన్సు బోర్డు వాళ్ళు మూయించారు. వెనక తలుపు తీసి నన్ను లోపల కూర్చోబెట్టింది. మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. ఆవిడకీ నాకూ కూడా అది అరువు భాషే కాబట్టి తొందరపడకుండా మాట్లాడుకున్నాం.

నా పేరు గిరిజ. మిషిగన్‌లో లైసెన్సున్న ప్రైవేట్ డిటెక్టివ్‌ని. మనవాళ్ళు నన్ను పిలిచేది ఎక్కువగా పెళ్ళికొడుకుల గుట్టు లాగడానికి. ఈసారి రాధారాణి గారు పిలిచింది ఒక చావు గురించి. ఆవిడ ఒక్కగానొక్క కూతురు దియ, ఇక్కడే పుట్టి పెరిగిన ఇరవై రెండేళ్ళ పిల్ల, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకి పాకి, అక్కడి నుంచి రక్తంలోకి ఎక్కి, పక్క రాష్ట్రంలో టొలీడో ఆస్పత్రి ఒకదానిలో చనిపోయింది. ఆమె బ్యాగులో ఈ చైనా మందు పొట్లాలు దొరికాయి. కిడ్నీలు పూర్తిగా పాడైపోయాయని డాక్టర్లు రాశారు. ఇంకేం, ట్రాయ్‌లోని తెలుగిళ్ళన్నీ తీర్పు చెప్పేశాయి. ముసలిది విషం పోసి చంపింది.

ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి ప్రాసిక్యూటర్ ఆఫీసులో రాధారాణి గారు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇస్తారు. అది చేతికి రాగానే మిసెస్ గావ్‌ని అరెస్టు చేస్తారు. ఈవిడ చేసింది ఏమిటో, చేయనిది ఏమిటో నేను ఆలోపే తేల్చాలి.

"మొదటి నుంచి చెప్పండి. ఆ పిల్ల మీ దగ్గరికి ఎందుకొచ్చింది?"

"మూత్రానికి వెళ్తే మంట. ఏడాదిలో మూడోసారి. రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడింది. తగ్గడం, మళ్ళీ రావడం."

"మీరేం చూశారు?"

"నాడి, నాలుక. నాలుక వెనక భాగంలో పచ్చటి పూత. మా లెక్కలో అది పొత్తికడుపులో చేరిన వేడి, తేమ. ఆ మాట చెబితే నవ్వింది. మా అమ్మ కూడా వేడి చేసిందనే అంటుంది, బార్లీ నీళ్ళు కాచి ఇస్తుంది అంది. మేమూ ఒక రకం బార్లీ ఇస్తాం అన్నాను." మిసెస్ గావ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తర్వాత వచ్చినప్పుడల్లా నాకు కమలాపళ్ళు తెచ్చేది."

నేను కమలాపళ్ళ దగ్గర ఆగలేదు. "కిడ్నీలు పోయే ఇన్‌ఫెక్షన్‌ని వేడి, తేమ అని చెప్పి కషాయంతో కుదురుస్తానన్నారా?"

"లేదు." ఆవిడ గొంతు మొదటిసారి గట్టిపడింది. "ముందు ల్యాబులో యూరిన్ టెస్ట్ చేయించుకు రమ్మన్నాను. చేయించుకుని వచ్చింది. అప్పటికి ఇన్‌ఫెక్షన్ లేదు, మంట మిగిలింది. అది మాటిమాటికీ తిరగబెట్టకుండా మందిచ్చాను. ఇచ్చేముందు ఒక మాట ఆమె చేతే చెప్పించాను. చలిజ్వరం వచ్చినా, నడుము పక్కన పోటు వచ్చినా, వాంతులైనా ఈ మందు పనికిరాదు. వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి."

"చెప్పిందా?"

"వేళ్ళు మడిచి చెప్పింది. మందు పట్టుకుపోవడానికి వచ్చిన ప్రతిసారీ చెప్పించాను. ఇక ఆపండి డాక్టర్, నాకు కంఠతా వచ్చేసింది అనేది."

కంఠతా వచ్చిన పిల్ల జ్వరం వస్తే హాస్పిటల్‌కి ఎందుకు వెళ్ళలేదు? ఇంటికి పది నిమిషాల దూరంలో పెద్ద ఆస్పత్రి ఉంది. రాధారాణి గారు పోలీసులకి చెప్పింది వేరు. శనివారం నాడు తల్లీకూతుళ్ళు టొలీడో గుడికి బయలుదేరారు, పొద్దుటి దాకా బాగానే ఉన్న పిల్ల దారిలో ఉన్నట్టుండి పడిపోయింది, దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను అని. ఇన్‌ఫెక్షన్ కిడ్నీ నుంచి రక్తంలోకి ఎక్కేటప్పుడు మనిషి పొద్దుటి దాకా బాగుండదు.

"మందు ఎలా కాచుకోవాలో చూపించండి," అన్నాను.

ఆవిడ ఒక పొట్లం విప్పింది. చెక్క ముక్కల్లాంటి కాడలు, ఎండిన ఆకులు, వేళ్ళు. వాటితోపాటు పల్చటి నూలుగుడ్డతో కుట్టిన ఖాళీ సంచి, విడిగా ఒక చిన్న కాగితం పొట్లం. ఆ చిన్న పొట్లంలో ఆవాల కంటే చిన్న నల్ల గింజలు.

"వీటికి ఈ గుడ్డ సంచి ఎందుకు?"

"విడిగా వేస్తే జిగురొచ్చి పొంగుతాయి. అడుగంటి మాడతాయి. అందుకని మూట కట్టి వేయాలి, కాచాక మూట తీసి పారేయాలి. ఇనుపవీ రాగివీ పనికిరావు, గాజు గిన్నె కావాలి. సన్నటి మంట మీద అరగంట కాచి వడగట్టి, మళ్ళీ నీళ్ళు పోసి ఇంకోసారి కాయాలి. రెండూ కలిపి తాగాలి."

ఒక గింజని తడి చేసి వేళ్ళ మధ్య నలిపాను. బంకలాగా సాగింది. మనం మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్‌కి దగ్గర చుట్టం ఇది.

లేచి వస్తుంటే మిసెస్ గావ్ గుమ్మం దాకా వచ్చి, "ఆ తల్లి ఎలా ఉంది?" అని అడిగింది. తనని జైలుకి పంపబోయే మనిషి గురించి. తల ఊపి కారెక్కాను.

దారిలో రియాకి ఫోన్ చేశాను. ఆన్ ఆర్బర్‌లో దియతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి చదువుకున్న పిల్ల.

"ఎవ్రీ డే చేసేది ఆంటీ," అంది రియా. "అపార్ట్‌మెంట్ మొత్తం స్మెల్. ఆ చిన్న పౌచ్ టై చేసి గ్లాస్ పాట్‌లో వేసేది. వన్స్ నేను హెల్ప్ చేద్దామని సీడ్స్ డైరెక్ట్‌గా వేసేస్తే, ఓ మై గాడ్, నా మీద అరిచింది. మళ్ళీ స్ట్రెయిన్ చేసి, పౌచ్‌లో పెట్టి..."

"ముందే మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చుగా అమ్మా? ఈ తంటా ఎందుకు?"

"ఇన్సూరెన్స్ వాళ్ళ మమ్మీది కదా ఆంటీ. ఎక్కడికి వెళ్ళినా ఇంటికి పేపర్ వస్తుంది. ఫస్ట్ టైమ్ వచ్చినప్పుడు రాధ ఆంటీ తనతో మాట్లాడలేదు, లైక్, ఫర్ డేస్. యూటీఐ, ఈ యూరిన్ ఇన్‌ఫెక్షన్ అంటే... యూ నో... బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు అనుకున్నారు."

"ఉన్నాడా?"

"లేడు ఆంటీ!" రియా ఏడ్చేసింది. "షీ జస్ట్ డిడింట్ డ్రింక్ వాటర్! లైబ్రరీలో సీట్ పోతుందని రెస్ట్‌రూమ్‌కి కూడా వెళ్ళేది కాదు. దట్స్ ఇట్. అంతే."

ఏడుపు తగ్గే దాకా ఆగి, ఆఖరిసారి ఎప్పుడు చూశావని అడిగాను.

"ఫ్రైడే ఈవినింగ్. మమ్మీ దగ్గరికి వెళ్తున్నా అంది. నా జాకెట్ కూడా వేసుకుంది. షివర్ అవుతోంది ఆంటీ తను. హాస్పిటల్‌కి వెళ్దామా అంటే, మమ్మీతో వెళ్తా అంది."

శుక్రవారం సాయంత్రానికే చలి. మమ్మీతో హాస్పిటల్‌కి వెళ్తానన్న పిల్ల. శనివారం పొద్దుటి దాకా బాగానే ఉందన్న తల్లి. ఈ కేసులో నాకు దొరికేదేమిటో నాకు అప్పటికే తెలిసిపోయింది. దొరక్కపోతే బాగుండుననిపించింది.

రాధారాణి గారింట్లో నాకంటే ముందే శశికాంత్ ఉన్నాడు. కుటుంబం తరఫున నష్టపరిహారం కేసు వేయబోతున్న లాయరు దగ్గర ఇన్వెస్టిగేటర్. వరంగల్ వాడు, చురుకైనవాడు, ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. దియ పోయిన వారంలోనే ఎవరో పెద్దమనుషులు ఆ లాయర్ని తెచ్చి రాధారాణి గారి చేత సంతకం చేయించారు. వాంగ్మూలానికి ఆవిడని తీసుకెళ్ళడానికి ఇప్పుడు వచ్చాడు. సోఫాలో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు.

"నమస్తే మేడమ్. ముసలామె చాయ్ పోసిందా? తాగలే కదా?"

"ఆవిడ తాగింది. నేను చూశాను. ల్యాబ్ రిపోర్టులో విషం లేదన్నారు కదా, ఇంకా ఏమిటి మీ గోల?"

"ఇంకో ల్యాబ్‌కి పంపుతున్నం. గా చైనా మందులల్ల కిడ్నీలు ఖరాబ్ చేసే తీగ ఉంటదని లోకమంతా ఎరుకే."

"ఒకప్పుడు కలిసేది, చాలామంది కిడ్నీలు పోయాయి, నిజమే. అందుకే దాన్ని నిషేధించారు. ఈ పొట్లాల్లో అది లేదని మీరు పంపిన ల్యాబే చెప్పింది. మీకిష్టమైన జవాబొచ్చే దాకా ల్యాబులు మారుస్తారా?"

అతను నవ్వి, పక్కనున్న ప్లాస్టిక్ సంచి పైకెత్తాడు. అందులో స్టీలు ఫ్లాస్కు. "పోలీసులు శాంపిల్ తీసుకొని వాపస్ ఇచ్చిన్రు. కార్ల బిడ్డ పక్కన దొరికింది. ఆఖరికి తాగింది గిదే."

"చూడొచ్చా?"

"చూడున్రి. గ్లవ్స్ ఏస్కోని చూడున్రి."

మూత తీశాను. చేదు వాసన. అడుగున మిగిలిన మడ్డి జిగురుగా ఫ్లాస్కు గోడలకి పట్టేసి ఉంది. ఆ మడ్డి నిండా నల్ల గింజలు, ఉబ్బి, విడివిడిగా, ఒకదానికొకటి అంటుకుని. మూట లేదు. చెక్కల్లాంటి కాడల ముక్క ఒకటి వేళ్ళతో నొక్కితే ఉడికిన కందగడ్డలా మెదిగిపోయింది. సన్నటి మంట మీద అరగంట కాస్తే అవి అలా మెదగవు.

"ఇది ఎవరు కాచారు?" అని అడిగాను.

"ఇంకెవరు, దియనే," అన్నాడు శశికాంత్. "ఆన్ ఆర్బర్ల కాచుకొని ఎంబడి తెచ్చుకుంది."

రాధారాణి గారు కిటికీ దగ్గర నిలబడి ఉంది. యాభై ఏళ్ళు కూడా లేవు, ఈ నెల రోజుల్లో పదేళ్ళు మీద పడ్డాయి. భర్త పోయాక ఉద్యోగం చేస్తూ ఒక్కతే పిల్లని పెంచుకొచ్చిన మనిషి. "అవునండీ, అదే తెచ్చుకుంది," అంది నా వైపు చూడకుండా. "నాకసలు ఆ మందు సంగతే తెలియదు. పోయాకే చూశాను."

"కాఫీ నేనే కలుపుకుంటాను, మీరుండండి," అని వంటింట్లోకి నడిచాను.

స్టవ్ ముందు నిలబడి తలెత్తాను. సీలింగ్ అంతా పాత తెలుపు. స్టవ్‌కి సరిగ్గా పైన, చేటంత మేర కొత్త తెలుపు. తొందరలో వేసినట్టుంది, రంగు కింద నుంచి గోధుమ రంగు చారలు కనిపిస్తూనే ఉన్నాయి. బోర్లించిన గిన్నెల్లో కుక్కర్ వెతికాను. సొట్టలు పడ్డ పాత కుక్కర్, బహుశా పెళ్ళినాటిది. దాని మూత మీద సేఫ్టీ వాల్వు మాత్రం నిన్నమొన్న కొన్నట్టు తళతళలాడుతోంది. స్టవ్ మీది పొగ లాగే హుడ్ కింద జాలీ ఉంది. దాన్ని ఊడదీసి వెలుతురుకి పట్టాను. నూనె జిడ్డులో, జాలీ కన్నాల్లో, ఇరుక్కుని నల్ల గింజలు.

కషాయం అంటే కుక్కర్లో పెట్టి విజిల్స్ రానివ్వాలని అనుకునేది ఈ భూమ్మీద మన ఇళ్ళలోనే. గింజలు ఉబ్బి వెయిట్ కింద రంధ్రాన్ని పూడ్చేసి ఉంటాయి. ఆవిరికి దారి లేక వాల్వు పేలింది. సగం మందు సీలింగుకి కొట్టింది, మిగిలింది ఫ్లాస్కులోకి వెళ్ళింది.

"ఏం చేస్తున్నరు మేడమ్?" శశికాంత్ గుమ్మంలో నిలబడ్డాడు.

"గింజలేరుతున్నాను." చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి కవర్లో వేస్తున్నాను.

అతనికి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. జాలీ వైపు, సీలింగ్ వైపు, కుక్కర్ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "మేడమ్, గవి ఆడనే పెట్టున్రి. ఏం కాదు. పోయిన బిడ్డ ఎట్లైనా రాదు. ఆమెకి ఇంకేం మిగిలింది చెప్పున్రి, గీ కేసు తప్ప?"

"ఈ కేసు కోసం ఒక ముసలావిడ జైలుకి పోవాలా?"

"మీరెవరి తరఫు? మిమ్మల్ని పెట్టుకున్నది గీ తల్లి. ఆమె కొంపనే కూలుస్తరా?"

"మీకు తెలుసా ఈ సంగతి?"

"నేను అడగలే," అన్నాడు. అడగకపోవడమే తన ఉద్యోగమన్నట్టు చెప్పాడు. "మీరు కూడా అడగకుంటే మంచిగుంటది. లేదంటే గిట్ల సాక్ష్యాలు ఏరినందుకు మీ లైసెన్స్ మీద కంప్లెయింట్ ఇస్త."

"ఇవ్వండి. నా పేరు స్పెల్లింగ్ తప్పు రాయకండి. పోయినసారి రాశారు."

అతని వెనక నుంచి రాధారాణి గారి గొంతు వినబడింది. "శశికాంత్ బాబూ, మీరు కాసేపు కార్లో కూర్చోండి." ఆవిడ నా చేతిలో ఉన్న జాలీని చూస్తోంది. "వెళ్ళండి బాబూ. నేను వస్తాను."

అతను బయటికి వెళ్ళాడు, తలుపు మూసుకుంది. ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆవిడే మొదలుపెట్టింది.

"శుక్రవారం వణుకుతూ వచ్చిందండీ. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో వేశాను. జ్వరం తగ్గింది. పొద్దున్న మళ్ళీ ఎక్కింది, మళ్ళీ వేశాను, మళ్ళీ తగ్గింది. తగ్గుతోంది కదా అనుకున్నాను."

"దియ హాస్పిటల్ అందా?"

"అంది." ఆవిడ టేబుల్ మీద లేని మరకని వేలితో తుడుస్తోంది. "నడుము పట్టుకుని, మమ్మీ, ఫీవర్ వస్తే హాస్పిటల్‌కి వెళ్ళమన్నారు డాక్టర్ అంది. ఏ డాక్టరే అంటే అప్పుడు చెప్పింది చైనా ఆవిడ సంగతి. బ్యాగు తీసి చూస్తే పొట్లాలున్నాయి. ఇదేదో మన కషాయం లాంటిదే కదా, చిక్కగా కాస్తే బాగా పనిచేస్తుందని కుక్కర్లో పెట్టాను. మమ్మీ, సీడ్స్ పౌచ్‌లో వేయాలి అని పడుకున్న చోటి నుంచి అరుస్తూనే ఉంది. నాకు తెలుసులే అన్నాను. మా అమ్మ ఎన్ని కషాయాలు కాయలేదూ."

"కషాయం వల్ల చనిపోలేదండీ," అన్నాను. "అది చిక్కగా కాచినా పల్చగా కాచినా ఆ ఇన్‌ఫెక్షన్‌ని ఏమీ చేయదు. చంపదు, బతికించదు. హాస్పిటల్‌కి ఎప్పుడు బయలుదేరారు?"

"మధ్యాహ్నం. వాంతులు మొదలయ్యాక. మాట ముద్దగా వస్తోంది."

"గుడికి కాదు."

"గుడికి కాదు."

"ఇక్కడ పది నిమిషాల్లో హాస్పిటల్ ఉంది కదా రాధారాణి గారూ. గంటకు పైగా నడిపి టొలీడో ఎందుకు?"

ఆవిడ చెప్పింది. డాక్టర్ వసుంధర గారి అబ్బాయి ధృవ్‌కి దియని ఇవ్వాలని అప్పటికి మాటలు నడుస్తున్నాయి. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. ఆ పై వారమే రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకోవాల్సి ఉంది. వసుంధర గారు పనిచేసేది ఆ దగ్గరి ఆస్పత్రి ఎమర్జెన్సీలోనే. శనివారాలు ఆవిడ డ్యూటీ.

"ఆ జబ్బుతో, ఆవిడ ముందు, నా కూతుర్ని పడుకోబెట్టనా? పెళ్ళికాని పిల్లకి ఇదేంటి అనుకోరా? నేనే అనుకున్నాను కదా మొదటిసారి! కన్నతల్లిని, నేనే అనుకున్నాను. ఆవిడ అనుకోదా? ఈ చుట్టుపక్కల ఏ హాస్పిటల్‌కి వెళ్ళినా ఎవరో ఒక తెలుగు డాక్టర్ ఉంటారు, ఆవిడ చెవిన వేయరా?"

నాకు కోపం వచ్చింది. నీళ్ళు తక్కువ తాగితే వచ్చే జబ్బు, ఏ ఆడదానికైనా వచ్చే జబ్బు, పసిపిల్లలకి వస్తుంది, ముసలమ్మలకి వస్తుంది. దానికింత కథ అల్లి ఒక పిల్లని పొట్టన పెట్టుకున్నారు అని అరవాలనిపించింది.

"ఆ హాస్పిటల్ ముందు నుంచే వెళ్ళాం," అంది రాధారాణి గారు. "వెనక సీట్లో పడుకుని ఉంది. బోర్డు చూసింది. మమ్మీ, ఇదే కదా, స్టాప్ అంది. అక్కడ వసుంధర ఆంటీ ఉంటారమ్మా, ఇంకో చోటికి వెళ్దాం అన్నాను. ఓకే మమ్మీ అంది." ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఎదురు చెప్పలేదండీ. ఎప్పుడూ అన్నిటికీ ఎదురు చెప్పేది. ఆ రోజు ఓకే మమ్మీ అంది."

నేను లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు.

"ఇప్పుడు ఏం చెప్తారు అక్కడ?" అన్నాను. "గుడికి వెళ్తున్నాం, బాగానే ఉంది, మందు తాగి పడిపోయింది అంటే ఆ ముసలావిడని ఈ సాయంత్రమే తీసుకుపోతారు. ఆవిడ దియకి సరైన మాటే చెప్పింది. దియ దాన్ని మీకు చెప్పింది."

"మొహం కడుక్కుని వస్తాను," అని ఆవిడ మేడ మీదికి వెళ్ళింది.

నేను ఫోన్ తీశాను. తెలుగు సంఘం పుణ్యమా అని డాక్టర్ వసుంధర గారి నంబరు నా దగ్గరుంది. ఆ శనివారం డ్యూటీలో ఉన్నారా అని అడిగాను.

"లేనండీ. షిఫ్ట్ మార్చుకుని అట్లాంటా దగ్గర అల్ఫారెట్టా వెళ్ళాను, మా చెల్లెలి గృహప్రవేశం. ఎందుకడుగుతున్నారు?"

ఎందుకో చెప్పకుండా ఇంకో మాట అడిగాను. ఒకవేళ దియ ఆ జబ్బుతో మీ దగ్గరికే వచ్చి ఉంటే?

"వస్తే ఏముంది, వెంటనే ఐవీ పెట్టి యాంటీబయాటిక్స్ మొదలుపెట్టేదాన్ని. ఆ జబ్బు నాకే రెండుసార్లు వచ్చింది." ఒక క్షణం ఆగి అడిగారు. "గిరిజ గారూ, రాధ నా గురించి భయపడిందా?"

తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది.

రాధారాణి గారు కిందికి వచ్చింది. తల దువ్వుకుంది, చీర మార్చుకుంది. మెట్ల దగ్గరే ఆగి, రెయిలింగ్ పట్టుకుని నన్ను అడిగింది. "ఆ రోజు అక్కడ డ్యూటీలో వసుంధర గారే కదండీ ఉన్నది? మీరు కనుక్కుని ఉంటారు."

ఈ వృత్తిలోకి వచ్చాక క్లయింటుకి నేను అబద్ధం చెప్పలేదు. చేదు నిజాలే అమ్ముకుని బతికాను. కానీ ఆ భయానికి కనీసం ఒక కారణమైనా ఉందని ఈ తల్లికి మిగలాలి. ఆస్పత్రిలో ఎవరి కంట పడకూడదనుకుందో ఆ మనిషి అసలు ఊళ్ళోనే లేదని తెలిస్తే ఈవిడ ఎలా బతుకుతుంది?

"అవునండీ," అన్నాను. "ఆవిడే ఉన్నారు."

రాధారాణి గారు నా మొహంలోకి చూసి, తల అడ్డంగా ఊపింది.

"లేరు. దియ పోయిన మర్నాడే అట్లాంటా నుంచి నాకు ఫోన్ చేసి ఏడ్చారు. నేను ఊళ్ళో లేకపోయానే రాధా, ఉండుంటే నా చేతుల మీద చూసుకునేదాన్నే అన్నారు."

"అంతా తెలిసి నన్నెందుకు పిలిచారండీ?"

"ఇంకెవరో చంపారని మీరు తేలుస్తారేమోనని," అంది. "మీరు చాలా తెలివైనవారని అందరూ చెప్పారు."

బయట శశికాంత్ హారన్ కొట్టాడు. ఆవిడ కొక్కేనికి ఉన్న కోటు తీసి తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకోకుండానే తలుపు వైపు నడిచింది. నేను దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే పెట్టాను, మెడ దాకా.

"ముందు ఆ పెద్దావిడ సంగతి చెప్పేస్తాను," అంది రాధారాణి గారు. "ఆవిడ తప్పేం లేదని. ఆ మిగతాది... మీరు నా పక్కన కూర్చుంటారా?"

శశికాంత్ కారు దాటి, ఆవిడని నా కారులో ఎక్కించుకున్నాను. ప్రాసిక్యూటర్ ఆఫీసుకి దగ్గరి దారి ఆ హాస్పిటల్ ముందు నుంచే వెళ్తుంది. బోర్డు కనబడగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"కాస్త ఆపండి," అంది. నేను ఆపాను.